చనిపోయిన పెంపుడు కుందేలును ఇంట్లో దొరికే సరుకులతో స్టఫింగ్ చేసి నిలపడం సాధ్యమేనా?

ప్రశ్న – తెల్లకుందేలు (కాకినాడ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొన్నేళ్లుగా పెరిగిన తెల్ల కుందేలు పోయిన వారం వయసు మీద పడి చనిపోయింది. పూడ్చిపెట్టడానికి పిల్లలు ఒప్పుకోకపోవడంతో ఆ పూటే రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రీజర్లో ఉంచాను. దాన్ని కూర్చున్న భంగిమలో స్టఫింగ్ చేసి, అంటే తోలు పాడవకుండా నిలిపి బతికున్నట్టే కనిపించే బొమ్మగా మలిచి, అద్దాల పెట్టెలో పెట్టాలని ఉంది. మా ప్రాంతంలో ఈ పని చేసిపెట్టేవారు ఎవరూ దొరకలేదు, ఆన్‌లైన్‌లో కనిపించే విదేశీ సామగ్రి ధర నాకు అందుబాటులో లేదు.

నేను అనుకున్న పద్ధతి ఇది. తోలు జాగ్రత్తగా ఒలిచి, లోపలి వైపు ఉప్పు, పసుపు, కర్పూరం కలిపి పట్టించి, దూది కుక్కి కుట్టేసి, మేడమీద గట్టి ఎండలో ఆరబెట్టడం. మా బంధువు ఒకరు ఇదంతా అనవసరమని, తోలు ఒలవకుండానే ఫార్మలిన్ (దేహాలు కుళ్లకుండా వాడే రసాయన ద్రవం) ఎక్కిస్తే చాలని అంటున్నారు. పటిక వాడాలా, ఉప్పు సరిపోతుందా, క్యారమ్ బోర్డు పొడి, వెలిగారం ఒకటేనా, కళ్లకు ఏమి పెట్టాలి, ఇంట్లో ఈ పని చేయడానికి చట్టం అనుమతిస్తుందా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు – కత్తీసూదీ

సాధ్యమే. అయితే మీ పద్ధతిలో పసుపును, ఎండను, దూదిని మూడింటినీ మార్చుకోవాలి. పసుపు తెల్లని బొచ్చుకు అంటితే ఎన్నిసార్లు కడిగినా పోదు, పైగా తోలును నిలిపే గుణమూ దానికి లేదు. నేరుగా ఎండ తగిలితే తోలు పైన బిగుసుకుపోయి లోపల తేమ మిగిలిపోతుంది, అంటుకుని ఉన్న కొవ్వు కరిగి వెంట్రుకల్లోకి దిగి కొన్ని నెలలకు పచ్చబడి కంపు కొడుతుంది. కాబట్టి ఎప్పుడూ నీడలో, ఫ్యాను గాలికే ఆరబెట్టాలి. దూది సంగతి తర్వాత చెబుతాను.

ఈ పనిలో మందుల కంటే ముఖ్యమైనది తోలుకు అంటుకున్న మాంసాన్నీ కొవ్వునూ పూర్తిగా తీసేయడం. ఒక్క గోరంత కొవ్వు మిగిలినా ఏ పొడి చల్లినా ప్రయోజనం ఉండదు. కుందేలు తోలు తడి కాగితంలా చిరిగిపోతుంది కనుక కత్తితో గీకకుండా, అంచు మొద్దుగా ఉన్న స్టీలు చెంచాతో తోక వైపు నుంచి తల వైపు నెమ్మదిగా గీకుతూ వెళ్లండి. కోయడానికి మాత్రం మందుల దుకాణంలో దొరికే సర్జికల్ బ్లేడే మేలు. రొమ్ము నుంచి మలద్వారం దగ్గరి వరకు తోలును మాత్రమే చీల్చాలి, కింద ఉన్న పొట్ట పొర తెగితే లోపలి ద్రవాలు బయటికొచ్చి బొచ్చంతా పాడవుతుంది. పక్కనే మొక్కజొన్న పిండో, సన్నని రంపపు పొట్టో పెట్టుకుని తడి కనిపించినప్పుడల్లా చల్లుకుంటూ ఉండండి.

కుందేలును ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో ఉంచి, మెల్లగా మంచు కరగనివ్వండి. కరిగాక పొట్ట మీది బొచ్చును వేళ్లతో కొద్దిగా లాగి చూడండి. కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తున్నా, పొట్ట ఆకుపచ్చగా మారినా కుళ్లు అప్పటికే మొదలైందని అర్థం. అలాంటి తోలును ఎవరూ నిలపలేరు, అక్కడితో ఆపేసి గౌరవంగా పూడ్చిపెట్టడమే మంచిది.

తోలు శుభ్రమయ్యాక కళ్లుప్పును మెత్తగా పొడి చేసి లోపలి వైపంతా, ముఖ్యంగా పెదవులు, కనురెప్పలు, చెవుల మొదళ్ల దగ్గర, దట్టంగా రుద్ది ఒక రోజు ఉంచండి. తడిసిన ఉప్పు దులిపి మళ్లీ కొత్త ఉప్పు పట్టించండి. ఉప్పు నీటిని లాగేసి కుళ్లును ఆపుతుందే కాని తోలును పదును చేయదు. ఉప్పు మాత్రమే పట్టించిన తోలు వర్షాకాలంలో గాలిలోని తేమను పీల్చుకుని చెమర్చుతుంది, కాకినాడలో అయితే మరీనూ. అందుకే పటిక కావాలి.

చిన్న జంతువుల తోళ్లకు ఇళ్లలో చాలాకాలంగా వాడుతున్న పాళ్లను ఒక్క కుందేలుకు సరిపడేలా చెబుతాను. ఒక లీటరు నీటిలో సుమారు 115 గ్రాముల పటిక పొడి కరిగించండి. వేరే పాత్రలో అర లీటరు నీటిలో 30 గ్రాముల చాకలి సోడా, 60 గ్రాముల ఉప్పు కలపండి. ఈ సోడా నీటిని పటిక నీటిలోకి సన్నని ధారగా, కలుపుతూ, చాలా నెమ్మదిగా పోయాలి. ఒక్కసారిగా పోస్తే నురగ పొంగిపోతుంది. ఉప్పు దులిపి కడిగిన తోలును ఇందులో పూర్తిగా మునిగేలా ఉంచి, రోజుకు రెండు మూడు సార్లు కదుపుతూ రెండు మూడు రోజుల తర్వాత తీయండి. పాత్ర ప్లాస్టిక్‌దే అయి ఉండాలి, ఆ బకెట్టు మళ్లీ ఇంటి వాడకానికి పనికిరాదు. తీశాక గిన్నెలు తోమే ద్రవంతో మృదువుగా కడిగి, తువ్వాలుతో అద్ది, బొచ్చును హెయిర్ డ్రయర్ చల్లగాలితో ఆరబెట్టుకోవచ్చు. తోలు లోపలి వైపు మాత్రం కొంచెం చెమ్మగా ఉండగానే తొడిగే పని మొదలుపెట్టాలి.

క్యారమ్ పొడిగా మనకు అమ్మేది సాధారణంగా బోరిక్ ఆమ్లం, ఆయుర్వేద ముడిసరుకుల దుకాణంలో దొరికే వెలిగారం బోరాక్స్. రెండూ పురుగులను చంపుతాయి కాని ఒకటి కాదు. పక్షుల పలుచని తోళ్లను పటిక నీటిలో పెట్టకుండా వెలిగారం పొడి పట్టించి ఆరబెట్టేవారు చాలామంది. కుందేలుకు అయితే పటిక పని పూర్తయ్యాక, కుట్టేముందు లోపలి వైపు పలుచగా చల్లితే చాలు. రెండూ పిల్లల చేతికి అందకుండా ఉంచండి, వంటింటి గిన్నెలూ చెంచాలూ వాటికి తగలనివ్వకండి.

జవాబు – పాతప్రయోగశాల

అమ్మా, జంతుశాస్త్రం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, పై సోదరుడు వదిలేసిన దగ్గర నుంచి చెబుతాను.

ఫార్మలిన్ సలహాను దయచేసి పాటించవద్దు. సీసాలో మునిగి ఉండే నమూనాలకు అది పనికొస్తుంది. ఒలవని కుందేలుకు ఎక్కిస్తే కండరాలు చెక్కలా బిగిసి భంగిమ మార్చడానికి వీలుపడదు, నీరు తగ్గేకొద్దీ ముఖం పీక్కుపోతుంది. దాని ఆవిరి కళ్లనూ గొంతునూ మండిస్తుంది, క్యాన్సర్ కారకంగానూ దాన్ని గుర్తించారు. పిల్లలున్న ఇంట్లో దానికి చోటు లేదు. ఇదే సందర్భంగా మరో మాట: పాత కళాశాల ప్రదర్శనశాలల్లోని స్టఫింగ్ చేసిన పక్షులనూ జంతువులనూ ఉత్త చేతులతో తాకకండి. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని మెట్జ్ పట్టణవాసి బెకూర్ రూపొందించిన పాషాణపు సబ్బును, అంటే ఆర్సెనిక్, కర్పూరం, సున్నం, సబ్బు కలిపిన ముద్దను, ప్రపంచమంతటా 20వ శతాబ్దం దాకా తోళ్లకు పూశారు. ఆ విషం నేటికీ ఆ నమూనాల్లోనే ఉంది. మీరు కర్పూరం అనుకోవడానికి మూలం బహుశా ఎక్కడో ఆ పాత పద్ధతుల ప్రస్తావనే కావచ్చు. కర్పూరం ఒక్కటే ఆవిరైపోతుంది, ఏమీ నిలపదు.

ఇక దూది విషయం. తోలును సంచిలా భావించి దూది కుక్కితే కుందేలు దిండులా ఉబ్బుతుంది, మెడ మాయమవుతుంది. దేహాన్ని ముందు బయట తయారు చేసి దానిపై తోలు తొడగాలి, లోపల కుక్కడం కాదు. ఒలవడానికి ముందే ముక్కు నుంచి తోక మొదలు వరకు పొడవు, మెడ, రొమ్ము, పొట్ట చుట్టుకొలతలు రాసుకోండి. ఒలిచాక మిగిలిన దేహాన్ని కాగితంపై పక్కకు పడుకోబెట్టి దాని గీత గీసుకోండి. వీపు వంపు ఎక్కడ ఎక్కువో, తొడ ఎంత లావుగా ఉందో ఆ గీతే మీకు చెబుతుంది. మైసూరులోని వాన్ ఇంగెన్ సంస్థ సుమారు 1900 నుంచి 1999లో మూతపడేవరకు వేలాది పులులనూ చిరుతలనూ నిలిపింది కదా, వాటి లోపల ఉండేది అచ్చుల్లో పోసిన కాగితపు గుజ్జు దేహాలే. నేడు మన దేశంలో వన్యప్రాణుల స్టఫింగ్‌కు పేరొందిన సంతోష్ గైక్వాడ్ గారు ముంబయి పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించే ఆచార్యులు. ఆ శాస్త్రం తెలిసినవారి చేతిలో ఈ పని అంత సహజంగా రావడంలో వింత లేదు.

ఇంట్లో అయితే బాగా ఎండిన కొబ్బరి పీచును గట్టి ముద్దగా చేసి, పురికొసతో బిగించి చుడుతూ, గీసుకున్న గీతకు సరిపోయే ఆకారం తెచ్చుకోండి. అసలు కొలత కన్నా కాస్త చిన్నదిగానే చుట్టండి, ఎందుకంటే తోలు ఆరుతూ కుదించుకుంటుంది, ముద్ద పెద్దదైతే కుట్లు తెగుతాయి. కాళ్లలోకి, మెడలోకి, తోకలోకి కట్టడాల వారు వాడే బైండింగ్ తీగను రెండు మూడు పేటలుగా మెలిపెట్టి వాడవచ్చు, కాని అది తుప్పు పడుతుంది కనుక జింకు పూత ఉన్న తీగ దొరికితే అదే వాడండి. కాళ్ల ఎముకలను పారేయకుండా శుభ్రం చేసి తోలుకే ఉంచి, వాటి వెంట తీగ కట్టి, తీసేసిన కండ చోట జనపనార చుట్టండి. దూదికి తగిన చోటు చెంపలూ మెడా మాత్రమే, అదీ తీగకు చుట్టి.

కొందరు కాగితపు గుజ్జును మైదా జిగురుతో చేస్తారు. అది పురుగులకు విందు. పుస్తకాలు బైండు చేసేవారిలా మైలతుత్తం కలిపితే పురుగు పట్టదు కాని ఇనుప తీగను అది తినేస్తుంది. అందువల్ల ఫెవికాల్ వంటి జిగురే మేలు.

చట్టం గురించి. పెంపుడు కుందేలు వన్యప్రాణి కాదు, కనుక మీ ఇంటి కుందేలును మీ కోసం భద్రపరచుకోవడానికి అభ్యంతరం లేదు. కాని అడవిలో తిరిగే చెవులపిల్లి, అంటే అడవి కుందేలు, వేరు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. రోడ్డుమీద చచ్చి పడి ఉన్నదైనా ఇంటికి తెచ్చి తోలు ఒలవడం నేరమే అవుతుంది. రామచిలుక, ఉడుత, పిచ్చుక విషయమూ అంతే. స్టఫింగ్‌ను వ్యాపారంగా చేయాలంటే అదే చట్టం కింద లైసెన్సు కావాలి. ఈ సంభాషణ చదివి ఎవరైనా దొరికిన పక్షి మీద సాధన మొదలుపెడతారేమోనని ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

జవాబు – గడ్డివాము

పెద్దల మాటలకు అడ్డు రావడం కాదు గాని, మన పల్లెలకు ఈ విద్య కొత్త కాదని ఒక మాట. ఈనిన కొన్నాళ్లకే దూడ చనిపోతే గేదె పాలు చేపడం మానేస్తుంది. అప్పుడు ఆ దూడ తోలు ఒలిపించి, వరిగడ్డి కుక్కి కుట్టి, పాలు పితికే ముందు గేదె మూతి దగ్గర పెట్టేవారు. గేదె దాన్ని నాకుతూ చేపేది. మా తాతగారి కొట్టంలో ఉప్పు తప్ప మరే మందూ లేకుండా పని జరిగింది. మరి కుందేలుకు ఇంత పటిక, ఇంత కొలత అవసరమా అన్నది నా సందేహం.

జవాబు – కత్తీసూదీ

గడ్డివాము గారూ, మంచి విషయం గుర్తు చేశారు. ఆ దూడకు కావలసింది వాసన, ఆకారం కాదు. గేదె గుర్తుపట్టేది తన బిడ్డ వాసననే. అందుకే తోలును బాగా కడిగి పదును చేస్తే ఆ దూడ పనికిరాకుండా పోతుంది! పైగా పాడి కాలం గడిస్తే దాన్ని పారేసేవారు, వానాకాలం దాటించాలని ఎవరూ ఆశించలేదు. వీరికి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు: వాసన ఉండకూడదు, ముఖం గుర్తుపట్టేలా ఉండాలి, ఏళ్ల తరబడి నిలవాలి.

ప్రశ్నించినవారు – తెల్లకుందేలు

అందరికీ కృతజ్ఞతలు. ఫార్మలిన్ ఆలోచన మానుకున్నాను. చెవులు, కళ్లు ఎలా చేయాలో, తయారయ్యాక పెట్టెలో కలరా ఉండలు వేయవచ్చో లేదో కూడా చెబితే పని మొదలుపెడతాను. పెట్టె అడుగున థర్మోకోల్ పరచాలని ఉంది.

జవాబు – కత్తీసూదీ

ఒక విన్నపం: మీ కుందేలుతో మొదలుపెట్టకండి. కుందేలు మాంసం అమ్మేవారి దగ్గర తల సహా తోలు అడిగి తెచ్చుకుని ముందు దాని మీద చేతిని అలవాటు చేసుకోండి. మీ కుందేలు ఫ్రీజర్లో గాలి చొరబడని సంచిలో ఉంటే తొందర లేదు.

కుందేలులో అన్నింటికన్నా కష్టమైనవి చెవులే. లోపల మృదులాస్థి అలాగే ఉంటే ఆరేటప్పుడు ముడుచుకుపోయి ఎండుటాకుల్లా తయారవుతుంది. చెవి వెనుక తోలుకూ మృదులాస్థికీ మధ్య పెన్సిల్ మొద్దు కొనను దూర్చి, మొదలు నుంచి చివరి దాకా విడదీస్తూ, చెవిని గ్లవ్ వేలులా తిరగేయండి. ఆ సందులోకి పాత ఎక్స్‌రే ఫిల్మును చెవి ఆకారంలో కత్తిరించి దూర్చండి. ఫిల్ము అంచులను ఇసుక కాగితంతో నునుపు చేయడం మరవకండి, లేకపోతే తోలును కోసేస్తాయి.

కళ్లకు గోళీలు పనికిరావు, పెద్దవైపోతాయి. మగ్గం పని సామాను అమ్మే దుకాణాల్లో ఒకవైపు చదునుగా ఉండే పారదర్శక గాజు అర్ధగోళాలు దొరుకుతాయి. మీది గులాబీ కళ్ల కుందేలైతే చదును వైపు మధ్యలో ముదురు ఎరుపు చుక్క, చుట్టూ పలుచని గులాబీ గోళ్ల రంగు వేయండి. నల్ల కళ్లదైతే మొత్తం నల్లగా వేస్తే చాలు. శుభ్రం చేసిన పుర్రె కంటి గుంటలో ఎం-సీల్ ముద్ద పెట్టి గాజును అందులో అద్దాలి. మెదడును, నాలుకను, కంటి గుడ్లను పూర్తిగా తీశాకే పుర్రె వాడాలని వేరే చెప్పనక్కరలేదు. కన్ను బయటికి పొడుచుకొచ్చినట్టు కాకుండా రెప్పల వెనుక కొంచెం లోతుగా ఉంటేనే సహజంగా కనిపిస్తుంది. ఇక్కడే ఎక్కువమంది బొమ్మలు బెదిరిన చూపుతో మిగిలిపోతాయి.

కలరా ఉండలు, థర్మోకోల్ రెండూ ఒకే పెట్టెలో వద్దు. నాఫ్తలిన్ ఆవిరికి థర్మోకోల్ మెత్తబడి అతుక్కుపోతుంది. పసిపిల్లలున్న ఇంట్లో, అందులోనూ జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవారి ఇంట్లో, ఆ ఉండలు అసలే మంచివి కావు. వాటికి బదులు పెట్టె అంచులను బాగా మూసేసి, అడుగున చెక్క పలక వేసుకోండి. ఎప్పుడైనా బొచ్చు రాలుతూ సన్నని పొడి కనిపిస్తే తోలు పురుగు చేరినట్టే. బొమ్మను సంచిలో మూసి రెండు వారాలు ఫ్రీజర్లో పెడితే అది చస్తుంది. ఎండ పడే కిటికీ దగ్గర ఉంచకండి, తెల్ల బొచ్చు పచ్చబడుతుంది.

కుట్టాక చెవులకు ఇరువైపులా అట్టముక్కలు క్లిప్పులతో బిగించి, పెదవులను, కాలి వేళ్లను గుండుసూదులతో ఉన్నచోటే నిలిపి, రెండు మూడు వారాలు నీడలో ఆరనివ్వండి. మొదటి వారంలో రెప్పలూ పెదవులూ రోజురోజుకీ వెనక్కి లాగుకుంటాయి. పొద్దునా సాయంత్రం చూసి, తడి దూదితో కొద్దిగా మెత్తబరచి, సూదితో మళ్లీ లోపలికి సర్దుతూ ఉండండి. ఆరిపోయాక సర్దడానికి వీలుండదు.