అనుమతి లేకుండా మిల్లు గేటు దాటొచ్చా? ముంబై గిరణ్‌గావ్ ఫోటోల మీద చర్చ

పడుగు_పేక (చర్చ మొదలుపెట్టినవారు)

సూటిగా అడుగుతున్నాను. పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లీ, వర్లీ, శివ్డీ లాంటి పేటలన్నీ కలిపితే గిరణ్‌గావ్. మన దగ్గర గిర్నీ అంటే పిండి మర, అక్కడ బట్టల మిల్లు. 1854లో కావస్‌జీ దావర్ తార్‌దేవ్‌లో మొదలుపెట్టిన మిల్లుతో ఆ ఊరి కథ మొదలైంది. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పద్మశాలీలు ఎందరో ఆ షెడ్లలో మగ్గాలు నడిపినవారే, కాబట్టి ఇది మనకు పరాయి విషయం కాదు.

ఇప్పుడు మిగిలినవి కొన్ని షెడ్లు, చిమ్నీలు, బాయిలర్ గదులు. గేటుకు తాళం, ఉత్తరం రాస్తే జవాబు రాదు. గోడ కూలిన చోటు నుంచి లోపలికి వెళ్లి తీయడం తప్పా? లేక రేపు పడగొట్టబోయేదాన్ని ఈరోజే రికార్డు చేయడం బాధ్యతా? నీతి కబుర్లు వద్దు, పని తెలిసినవాళ్లు చెప్పండి.

చిమ్నీ_నీడ

వెళ్లాలి. కారణం ఒకటే: మిల్లు అర్థమయ్యేది లోపలే. రోడ్డు మీదికి కనిపించేది కాంపౌండ్ గోడ, కిటికీల వరస, అంతే. నూలు వడికే విభాగం మూడు నాలుగు అంతస్తుల్లో ఎందుకుంది, నేత షెడ్డు ఎప్పుడూ నేల మీదే ఎందుకుంది అన్నది బయటి ఫోటో చెప్పదు. వందల మగ్గాలు ఒకేసారి ఆడితే పై అంతస్తు ఆ అదురుడుకు ఆగదు, అందుకే నేత కింద. రంపపు పళ్లలాంటి కప్పుకు అద్దాలు ఉత్తరం వైపే పెట్టారు, ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే వెలుగు ఉంటేనే తెగిన పోగు కంటికి ఆనుతుంది.

ఆవిరి ఇంజిన్ గది పక్కన ఇరుకుగా, నిలువుగా ఒక గది ఉంటుంది. చాలామంది లిఫ్ట్ గుంత అనుకుంటారు. ఇంజిన్ చక్రం నుంచి నూలు మోకులు ఆ గదిలోంచే ఒక్కో అంతస్తుకు ఎక్కి అక్కడి షాఫ్టును, అంటే యంత్రాలను నడిపే పొడవాటి ఇరుసును, తిప్పేవి. 1915లో టాటా జలవిద్యుత్తు వచ్చాక మోటార్లు దిగాయి, మోకులు పోయాయి, గది మిగిలింది. కూల్చే ముందు ఆ గదికి ఫోటో తీసేది ఎవరు? యజమాని తీయడు. ముంబై అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 1991లో వచ్చిన 58వ నియమం మిల్లు స్థలాన్ని మూడు వాటాలు చేసింది: ఒకటి ముంబై మునిసిపల్ కార్పొరేషన్‌కు, ఒకటి ఇళ్లకు, ఒకటి యజమానికి. 2001లో దాన్ని ఖాళీ జాగా వరకే కుదించారు, 2006లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. అప్పటి నుంచి కట్టడాలు ఎంత వేగంగా లేచిపోయాయో చూస్తూనే ఉన్నాం. అనుమతి వచ్చేలోపు అక్కడ టవర్ ఉంటుంది.

సున్నపు_గార

చిమ్నీ గారూ, ఆ మోకుల గది గురించి చెప్పినవన్నీ నిజమే. మనుషులు పడిపోయే చోటు కూడా సరిగ్గా అదే. మోకులు దాటడానికి ప్రతి అంతస్తులోనూ నేలకు కన్నాలు వదిలారు. తర్వాత వాటి మీద పలక పరిచారు, ఆ పలక ఇప్పుడు పుచ్చిపోయింది, పైన అంగుళం దుమ్ము. టార్చి వేసినా తేడా తెలియదు.

మూతపడ్డ మిల్లు లోపల ప్రమాదాలు ఎక్కడుంటాయో, ఎందుకుంటాయో కొంచెం వివరంగా రాస్తాను.

“గోడ పక్కనే నడవండి, దూలాలకు ఆనుడు అక్కడే ఉంటుంది” అని చాలామంది సలహా ఇస్తారు. ఎండిన ఇంట్లో అది సరే. మిల్లులో మాత్రం తలకిందులు. రెండు కప్పుల మధ్య లోయలాంటి కాలువ రావి ఆకులతో పూడుకుంటుంది, వాననీళ్లు వెనక్కి తన్ని గోడలోకి దిగుతాయి. టేకు దూలం మధ్యలో గట్టిగా కనిపిస్తూనే, గోడలో దాగిన కొస దగ్గర పిండి అయిపోయి ఉంటుంది. దిగేది ఆ కొసే.

షెడ్డులో పోత ఇనుప స్తంభాలు చాలాచోట్ల బోలుగా ఉంటాయి. కప్పు మీది నీళ్లు వాటి లోపల నుంచే కిందికి దిగేలా చేశారు. అడుగు మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి తుప్పు పడుతుంది. పోత ఇనుము వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. స్తంభం మొదట్లో ఎర్రటి చారికలు గానీ నిలువు పగులు గానీ ఉంటే ఆ వరస కిందికే వెళ్లకూడదు.

కప్పుకు అద్దం, పెంకు తీసేసి వేసిన రేకులు ఎక్కువగా ఆస్బెస్టాస్ సిమెంటువి. వాటి మీద కాలు పెడితే విరుగుతాయి, బోల్టుల వరస మీద నడిస్తే ఫరవాలేదన్న మాట నమ్మకండి. కింద పడ్డ ముక్కలను తొక్కినా దుమ్ము లేస్తుంది. మామూలు గుడ్డ మాస్కు పావురాల రెట్ట దుమ్మునే ఆపలేదు, ఇక దీన్ని ఏం ఆపుతుంది?

ఇంకొకటి, చెరువు. ఆవిరిని చల్లార్చడానికి కాంపౌండ్‌లోనే నీటి గుంట తవ్వుకునేవారు. ఇప్పుడు దాని నిండా గుర్రపుడెక్క. చూడ్డానికి పచ్చిక మైదానం. దసరా నుంచి సంక్రాంతి దాకా బాగా పచ్చగా ఉంటుంది, సరిగ్గా అందరూ ఫోటోలకు వెళ్లే కాలం.

నేత షెడ్డు నేలలో తేమ గాలి పంపే కాలువలుంటాయి. మూతల ఇనుము తుక్కుకు పోయింది. ఇన్ని తెలిసినవాళ్లు కూడా అనుమతి ఉన్నా ఒంటరిగా వెళ్లరు.

చిమ్నీ_నీడ

ఇవన్నీ జాగ్రత్తలు. వెళ్లకూడదనడానికి కారణాలు కావు.

నోటీసు_బోర్డు

చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే రెండు వైపులా తప్పుగా చెప్పుకుంటున్నారు.

కట్టడానికి ఫోటో తీయడం నేరం కాదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ దానికి స్పష్టంగా మినహాయింపు ఇచ్చింది. తగువు ఫోటోతో కాదు, అడుగుపెట్టడంతో. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 329వ సెక్షన్. నేరపూరిత అతిక్రమణకు మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. కట్టడం లోపలికి వెళితే గృహ అతిక్రమణ కింద ఏడాది వరకు పోవచ్చు. నేరం చేసే, బెదిరించే, అవమానించే, విసిగించే ఉద్దేశం ఉంటేనే నేరం అన్నది నిజమే. కానీ ఆ వాదన కోర్టులో చెప్పేది, ఆ రాత్రి స్టేషన్‌లో కాదు.

“జవాబు రాదు” అన్నదానికి: ఉత్తరం రాసే తీరు మార్చండి. “పాత మిల్లు చూడాలనుంది” అని రాస్తే ఏ అధికారీ సంతకం పెట్టడు. ఒక్క పేజీ చాలు. అందులో ఏ కట్టడాలు, ఏ రెండు తేదీలు, ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు అని సమయం, నలుగురికి మించని మనుషులు, వారి గుర్తింపు కార్డుల నకళ్లు, డ్రోన్ లేదు, అమ్మకం లేదు, ప్రమాదం జరిగితే బాధ్యత మాదే, ఫోటోల కాపీ మీకూ ఇస్తాం. ఉత్తరాలు తీసుకునే ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని ఉత్తరం ఉత్తరమే కాదు. ఆర్కిటెక్చర్ కాలేజీ నుంచి ఒక లేఖ జత చేస్తే దారి సగం తెరుచుకుంటుంది. పదిహేను రోజులకు గుర్తు చేయండి.

మిల్లు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌దైతే అది ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. “లోపలికి రానివ్వండి” అని అడగొద్దు. కట్టడాల జాబితా, లేఅవుట్ ప్లాన్ నకలు, కూల్చివేతకు ఇచ్చిన ఆదేశాలు అడగండి. ప్లాన్ చేతికొస్తే లోపల ఏ గది ఎక్కడుందో గోడ దూకకుండానే తెలుస్తుంది. ప్రైవేటు మిల్లుకు ఈ దారి లేదు, ప్లాన్ల కోసం మునిసిపల్ కార్పొరేషన్‌నే అడగాలి.

బబుల్_లెవెల్

బయటి నుంచి ఏమీ రాదనడం సోమరితనం. క్షమించాలి, అదే నా అభిప్రాయం.

చిమ్నీ ఎత్తు రోడ్డు మీద నుంచే కొలవొచ్చు. మొదలు దాకా దూరం మ్యాప్‌లో కొలిచి, ఫోన్‌లోని కోణమానినితో కొసను చూడాలి. 60 మీటర్ల దూరంలో 38 డిగ్రీలు వస్తే 60 × 0.78 (38 డిగ్రీల టాంజెంట్ విలువ), అంటే సుమారు 47, దానికి కంటి ఎత్తు మీటరున్నర కలిపితే 48 మీటర్ల పైచిలుకు. కోణం ఒక్క డిగ్రీ తప్పితే దాదాపు 1.7 మీటర్ల తేడా వస్తుంది కాబట్టి మూడు చోట్ల నుంచి కొలిచి సగటు తీయండి. నేల ఎత్తుపల్లాలు చూసుకోండి.

కర్రీ రోడ్, చించ్‌పోక్లీ స్టేషన్ల దగ్గరి రోడ్డు వంతెనల కాలిబాట మీద నుంచి కప్పుల వరస కనిపిస్తుంది. ప్లాట్‌ఫారమ్ మీద మాత్రం ట్రైపాడ్ తెరవొద్దు, రైల్వే అనుమతి లేకుంటే ఆపేస్తారు.

ఉత్తరం వైపు గోడలతో అందరూ దెబ్బతింటారు. చలికాలంలో వాటి మీద ఎండే పడదు, ఫోటో చప్పగా వస్తుంది. ముంబై 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మూడో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు. వానలు దిగకముందు మే నెలాఖరులో, పొద్దున్నే ఏటవాలు ఎండ ఆ గోడ మీద పడే గంట ఒకటి దొరుకుతుంది. ఇటుకల కట్టు, పూడ్చిన కిటికీల ఆనవాళ్లు అప్పుడే తేలతాయి.

కెమెరా మట్టం సరిగ్గా ఉండాలి. పైకి ఎత్తి తీస్తే గోడలు వెనక్కి వాలతాయి, తర్వాత కంప్యూటర్‌లో సరిచేస్తే కొలతలు నమ్మలేం. కెమెరా ఎత్తకుండానే పై భాగం పట్టే షిఫ్ట్ లెన్సు లేకపోతే దూరం జరిగి, మట్టంగా పెట్టి, కింది సగం కోసేయండి. ఒక మీటరు కర్రకు 20 సెంటీమీటర్లకో నలుపు, తెలుపు పట్టీ వేసి గోడకు ఆనించండి. అది లేని ఫోటో పదేళ్ల తర్వాత బొమ్మే, కొలతకు పనికిరాదు.

అనుమతితో లోపలికి వెళ్లినవాళ్లకు ఒక్క మాట: కప్పు అద్దానికీ నేలకూ వెలుగు తేడా చాలా ఎక్కువ. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, ట్రైపాడ్ మీద రెండేసి స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) తేడాతో ఐదు ఫ్రేములు. వాటిని ఒకే ఫోటోగా కలిపేటప్పుడు రంగులు పొంగించొద్దు. అలా చేస్తే మసి మరకలు కనపడకుండా పోతాయి, షాఫ్టు బ్రాకెట్ ఎక్కడుండేదో చెప్పేవి ఆ మరకలే. స్తంభం మీద దాన్ని పోత పోసిన ఫౌండ్రీ పేరు రంగు పొరల కింద దాగి ఉంటుంది. టార్చిని స్తంభానికి ఆనించినంత పక్కగా పెట్టి వెలిగిస్తే అక్షరాల నీడ లేస్తుంది. ఏసీ కారులోంచి దిగిన కెమెరాను అరగంట సంచిలోనే ఉంచండి, లేకపోతే లెన్సుకు చెమట పడుతుంది.

వర్లీ_సాంచా

అందరూ గోడల గురించే మాట్లాడుతున్నరు. రెండు సంగతులు.

ఒకటి. 2013 ఆగస్టులో మహాలక్ష్మి దగ్గర మూతపడ్డ శక్తి మిల్స్‌లో ఫోటోలు తీసే పని మీద వెళ్లిన ఫోటో జర్నలిస్టు మీద సామూహిక అత్యాచారం జరిగింది. తప్పు ఆమెది కాదు, చేసినోళ్లది, ఎవలూ కాపలా లేని జాగాను అట్ల వదిలేసినోళ్లది. కానీ “గోడ కూలిన చోటు ఉంది, పొద్దుగాల ఎవరూ ఉండరు” అని ఇక్కడ రాసేటోళ్లు, చదివేది ఎవరో తెలుసుకొని రాయాలె. అసొంటి దారులు చెప్పుడు బంద్ చేయాలె. తుక్కు దొంగలు కూడా అవే చదువుతరు. పోత ఇనుము, టేకు దూలం ఎక్కడుందో మనమే చూపెట్టినట్టయితది. మరమ్మతుకో, కూల్చుడు ఆపుడుకో పనికొచ్చే వివరం ఉంటే ఊరు, పేట పేరు చాలు, ఫోటో ఫైలులో జీపీఎస్ తీసేసి పెట్టండి. వాట్సాప్‌ల పంపితే అది పోతది గని, అసలు ఫైలు ఎక్కిస్తే ఉంటది.

రెండు. మిల్లు తాళం తియ్యకున్నా దాని పక్కన చాళ్లున్నయి, అంటే కార్మికుల ఒక్క గది ఇండ్ల బిల్డింగులు. బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లు 1920ల్ల కట్టినయి: వర్లీల 121, నాయ్‌గావ్‌ల 42, ఎన్.ఎం. జోషి మార్గ్‌ల 32, శివ్డీల 12. మొత్తం 207 బిల్డింగులు. ఒక్కో ఖోలీ (గది) 160 చదరపు అడుగులు. అవి కూడా టవర్ల కోసం పోతున్నయి, వాటిని ఎవ్వరూ పాత కట్టడం అనుకుంటలేరు. తెలుగోళ్లు ఉన్న ఖోలీలు కూడా అక్కడ్నే. తలుపు కొట్టి తెలుగుల అడిగితే చాయ్ ఇచ్చి చెప్తరు: సాంచా ఖాతా (నేత విభాగం) ఎక్కడుండె, భోంగా (మిల్లు సైరన్) ఎప్పుడు మోగుతుండె, ఏ గేటుకు ఏ షిఫ్టు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటరు, గిరణ్‌గావ్‌లో కూడా అదే మాట. చెప్పేటోళ్ల వయసు ఎనభై దాటుతుంది, గోడలకన్నా ముందు పోయేది వాళ్లే. పెద్దమనిషి చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి షెడ్డు గీయమనండి, ఆ గీతకు ఫోటో తియ్యండి.

చిమ్నీ_నీడ

సాంచా అన్నా, దారులు రాయొద్దన్న మాటకు ఒప్పుకుంటున్నాను, ఇక్కడ రాసినవాళ్లు తీసేయాలి. కానీ పడుగు గారి ప్రశ్న అలాగే ఉంది. ఉత్తరం ఇచ్చి, ముద్ర వేయించి, గుర్తు చేసి, అయినా జవాబు లేదు. జేసీబీ గేటు దగ్గరికి వచ్చింది. అప్పుడు?

నోటీసు_బోర్డు

జేసీబీ వచ్చిందంటే లోపల కాంట్రాక్టరు ఉన్నాడని అర్థం. ఆ రోజు తాళం అతని చేతిలో ఉంటుంది, ఆఫీసులో కాదు. కూల్చేవాళ్లకు కట్టడం మీద మమకారం ఉండదు కాబట్టి అడ్డు చెప్పే కారణమూ ఉండదు. సైట్ సూపర్‌వైజర్‌ను అడిగి, హెల్మెట్ పెట్టుకుని, భోజనం వేళ యంత్రం ఆగినప్పుడు నలభై నిమిషాలు తీసుకోండి. గోడ సగం కోసిన రోజు మోకుల గది అడ్డుకోత రోడ్డు మీదికే తెరుచుకుంటుంది, అంత స్పష్టంగా అది ఇంకెప్పుడూ కనపడదు.

సున్నపు_గార

సగం కోసిన గోడకు ఎత్తు ఎంతో కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడండి. నలభై నిమిషాలైనా సరే.

పడుగు_పేక

ఇన్‌వార్డ్ ముద్ర సంగతి తెలియదు. మళ్లీ రాస్తాను. కాలేజీ లేఖ ఇప్పించగలవాళ్లు ఉంటే విడిగా చెప్పండి, మీటరు కర్ర నా వైపు నుంచి.