అప్‌డేట్: కలయిక తర్వాత మంట, కారణం తెలిసింది

పోయిన నెల అడిగింది నేనే. బాబు పుట్టి ఐదు నెలలు, మళ్లీ కలవడం మొదలయ్యాక ప్రతిసారీ లోపల మంట, మర్నాడు కూర్చోవాలన్నా ఇబ్బంది అని. చాలామంది ఇన్‌ఫెక్షనే అన్నారు. నాకూ అదే టెన్షన్.

చివరికి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. యూరిన్ టెస్టు చేయించారు, లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీసి టెస్టుకు పంపారు. రెండూ నార్మల్. అప్పుడు "పాలిస్తున్నావా అమ్మా?" అని అడిగారు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోని పొడిబారుతుందట. ఆ పొడితనంలో రాపిడికి ఒరుసుకుపోయి మంట. పైగా నేను రోజూ సువాసన వాష్‌తో లోపలిదాకా కడిగేదాన్ని, శుభ్రం అనుకుని! లోపల సహజంగా ఉండే ఆమ్లగుణం దాంతో దెబ్బతింటుందట. బయట మామూలు నీళ్లు చాలన్నారు. ఇంటికి రాగానే ఆ సీసా చెత్తబుట్టలోకి పోయింది.

రాపిడి లేకుండా జారుడుగా ఉండటానికి వాడే వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ చీటీలో రాసిచ్చారు. అక్క చెప్పిన కొబ్బరినూనె సంగతి అడిగితే, లేటెక్స్ కండోమ్ వాడుతుంటే వద్దన్నారు, నూనె తగిలితే అది చిరిగిపోవచ్చట. మెడికల్ షాపులో మొదటిసారి నోరు రాక దగ్గు సిరప్ కొనుక్కుని వచ్చేశాను, రెండోసారి చీటీ చూపించాను.

మూడు వారాలైంది, మంట లేదు. మా ఆయన కూడా తొందరపెట్టడం లేదు, సగం అదే మందు. దుర్వాసన, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, రక్తం, జ్వరం ఉన్నవాళ్లు మాత్రం నాలా నెల ఆగకండి.