శాటిలైట్ ఇంటర్నెట్: నెల బిల్లు ఒక్కటే చూస్తే సరిపోతుందా?

నెట్‌లెక్క: ఫైబర్ రాని ఇంటికి డిష్ ఒక్కటే దారి అంటున్నారు చాలామంది. ప్లాను ధర చూసి తేల్చేయకండి. డిష్, రౌటర్ కలిపి 75 వాట్లు లాగితే రోజుకు 1.8 యూనిట్లు, నెలకు 54. కరెంటు పోయాక 4 గంటలు నడవాలంటే 300 వాట్-అవర్లు కావాలి. ఇన్వర్టర్ నష్టం కలుపుకుంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 30 ఆంపియర్-అవర్లు. పైగా భూస్థిర ఉపగ్రహం (భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట కనిపించేది) ఉండేది 35,786 కి.మీ. ఎత్తున. అడగడానికి ఒకసారి, జవాబుకు ఒకసారి ఎక్కి దిగాలి. కాంతి వేగంతో పోయినా సుమారు 480 మిల్లీసెకన్ల ఆలస్యం. ఎంత ఖరీదైన ప్లాను కొన్నా ఇది తగ్గదు.

కక్ష్య_చూపు: భూస్థిర ఉపగ్రహాలనూ కింది కక్ష్యలో తిరిగేవాటినీ ఒకే గాటన కట్టేశారు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు తిరిగేది దాదాపు 550 కి.మీ. ఎత్తున. పింగ్ (అడిగినదానికి జవాబు వచ్చే సమయం) మామూలుగా 25–60 మిల్లీసెకన్లు, వీడియో కాల్‌కి ఇబ్బందే లేదు. కరెంటు లెక్క మాత్రం ఒప్పుకుంటాను.

పైకప్పు: పింగ్ తగ్గింది, చెట్ల బాధ పెరిగింది. భూస్థిర డిష్‌కి ఆకాశంలో ఒక్క దిక్కు తెరిపిగా ఉంటే చాలు. కింది కక్ష్యలోవి నిమిషాల్లో దాటిపోతాయి కాబట్టి చాలా మేర ఖాళీ ఉండాలి. అడ్డొచ్చిన కొమ్మ స్పీడ్ టెస్టులో దొరకదు. సగటు బాగానే చూపిస్తుంది, కాల్ మాత్రం మధ్యలో కొన్ని సెకన్లు తెగుతుంది. డబ్బు కట్టేముందే కంపెనీ యాప్‌లో ఆకాశాన్ని స్కాన్ చేయండి, అదీ డిష్ బిగించబోయే చోటినుంచే. ఆకురాలిన కాలంలో చేసిన స్కాన్‌ని నమ్మొద్దు. కేబుల్ గోడలోకి దూరేముందు కిందికి ఒక వంపు వదలండి, రంధ్రం బయటికి వాలుగా వేయండి. లేకపోతే వాననీరు కేబుల్ పట్టుకుని ఇంట్లోకే వస్తుంది.

నెట్‌లెక్క: కక్ష్య_చూపు గారూ, పింగ్ విషయంలో మీ మాటే సరి. కానీ జోరువాన రెంటికీ గండమే. ఉపగ్రహ ఇంటర్నెట్ వాడే కేయూ, కేఏ అనే రేడియో బ్యాండ్ల తరంగాల పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు. చినుకులు వాటిని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. కేఏకి దెబ్బ ఎక్కువ.

పోర్టు_22: పబ్లిక్ ఐపీ, అంటే బయటినుంచి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ చిరునామా మాట ఎవరూ ఎత్తలేదు. చాలా ప్లాన్లలో సీజీనాట్ ఉంటుంది, అంటే ఒకే ఐపీవీ4 (పాత తరహా) చిరునామాను ఎంతోమందికి పంచడం. బయటినుంచి వచ్చే కనెక్షన్‌ని ఇంట్లోని పరికరానికి మళ్లించే పోర్ట్ ఫార్వార్డింగ్ పనిచేయదు. ఇంటి కెమెరాను బయటినుంచి చూడాలంటే ఐపీవీ6 (కొత్త తరహా చిరునామా), లేదా బయటి సర్వర్‌కి టన్నెల్ (ఇంటినుంచి దానికి ఎప్పుడూ తెరిచి ఉండే దారి) కావాలి. ఆ సర్వర్ అద్దె కూడా లెక్కలో వేసుకోండి.

కక్ష్య_చూపు: అయితే కొనేముందు ఇంకో పని. ఇంటి పైన 4జీ సిగ్నల్ కొద్దిగా అందుతున్నా, టవర్ వైపు తిప్పిన డైరెక్షనల్ యాంటెన్నాతో ఒక వారం పరీక్షించండి. డిష్‌తో పోలిస్తే 4జీ రౌటర్‌కి కరెంటు చాలా తక్కువ.