అప్‌డేట్: డాలస్ ల్యాప్‌టాప్ ఇంటికొచ్చింది

2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్స్ తప్పనిసరి అని కేంద్రం ప్రకటించగానే, డాలస్‌లో తమ్ముడు నాకోసం కొన్నది కొరియర్‌లో పంపితే ఆపేస్తారా అని టెన్షన్‌తో అడిగాను కదా. మీరు చెప్పిందే నిజం. కొరియర్‌లో తెప్పించుకునే ఒక్క ల్యాప్‌టాప్‌కి లైసెన్స్ అక్కర్లేదు, సుంకం మాత్రం కట్టాలి. పైగా ఆ లైసెన్స్ నిబంధనను మర్నాడే నవంబర్ 1కి వాయిదా వేశారు. ఇంత హడావుడి దేనికో!

చివరికి దసరాకి వస్తూ తమ్ముడే తెచ్చాడు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులకు ఒక ల్యాప్‌టాప్‌ మీద సుంకం ఉండదు. అందుకే వాడిది వాడి బ్యాగులో, నాది మరదలి బ్యాగులో. శంషాబాద్‌లో ఎవరూ ఆపలేదు.

కీబోర్డు మీద రూపాయి గుర్తు లేదు, ఛార్జర్ పిన్ను మన సాకెట్లో వదులుగా ఊగుతోంది. రేపు కోఠి వెళ్లి అడాప్టర్ కొనాలి.