ఇంటర్‌సెప్టర్ 650 ఫ్రంట్ ఫోర్క్ స్ప్రింగులు ఇంట్లో మార్చుకోవాలి, రైడర్ బరువు 104 కేజీలు, ఏ రేట్ (అంటే ఎంత గట్టి స్ప్రింగ్) తీసుకోవాలి?

గుంటూరు_ట్విన్:
అందరికీ నమస్కారం. నా బరువు 104, జాకెట్ బూట్లు హెల్మెట్ అన్నీ వేసుకుంటే 110 అవుతుంది. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. బండి మీద నాకు కంప్లైంట్ ఏం లేదు, ఏ కంపెనీ అయినా సగటు మనిషి బరువు చూసుకునే స్ప్రింగ్ పెడుతుంది కదా, నేను ఆ సగటు కంటే బాగా ఎక్కువ. సమస్య ఏంటంటే ముందు బ్రేక్ కాస్త గట్టిగా పట్టుకుంటే ముందుభాగం మొత్తం దిగిపోతుంది, గుంతలో పడితే ఫోర్క్ లోపల టక్కుమని సౌండ్ వస్తుంది, ఘాట్‌లో బ్రేక్ మీద ఉండగా మలుపులో గతుకు తగిలితే హ్యాండిల్‌లో ఆ దెబ్బ మొత్తం తెలుస్తుంది. సలహాలు మాత్రం తలా ఒకటి చెప్తున్నారు, ఒకరు చిక్కటి ఆయిల్ పొయ్యమంటారు, ఇంకొకరు స్ప్రింగ్ మీద వాషర్లు వేస్తే చాలంటారు, ఆటోనగర్‌లో ఒకాయన ఉన్న స్ప్రింగే కొన్ని చుట్లు కోసి పైన పైపు ముక్క పెట్టిస్తా అన్నారు. నాకు చేతిపని అలవాటే, జాకీ, టార్క్ రెంచ్ ఇంట్లో ఉన్నాయి. ఏది కరెక్టో, స్ప్రింగ్ కొంటే ఏ రేట్ కొనాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఘాట్‌రోడ్_రవాణా:
బ్రో ముందు ఏదీ కొనొద్దు, ముందు శాగ్ కొలవండి, అంటే బరువుకి ఫోర్క్ ఎంత దిగుతుందో చూడండి. ఆ బండికి ముందు ట్రావెల్, అంటే ఫోర్క్ మొత్తం దిగగల దూరం, 110 ఎంఎం. చక్రం గాల్లో ఉన్నప్పుడు డస్ట్ సీల్ (ఫోర్క్ పైపు చుట్టూ ఉండే రబ్బరు) నుంచి కింది క్లాంప్ (ఫోర్క్ కాళ్ళని పట్టుకునే బిగింపు) దాకా ఎంత ఉందో రాసుకోండి, తర్వాత బండి ఒక్కటే నేల మీద నిలబెట్టి ఒకసారి, మీరు పూర్తి గేర్‌తో కూర్చుని రెండు కాళ్ళూ పెగ్గుల మీద పెట్టి ఒకసారి కొలవాలి. గాల్లో ఉన్నప్పటి కొలతలోంచి వీటిని తీసేస్తే వచ్చేదే శాగ్. ఇద్దరు సాయం ఉండాలి, ఒకళ్ళు బండి పట్టుకోవాలి, ఒకళ్ళు టేపు పట్టుకోవాలి. ఒక్కసారి కొలిచి వదిలెయ్యకండి, ఫోర్క్‌లో సీల్సు బుష్‌ల రాపిడి వల్ల కిందికి నొక్కి మెల్లగా వదిలితే ఒక చోట ఆగుతుంది, పైకి లేపి మెల్లగా వదిలితే ఇంకో చోట ఆగుతుంది, రెండిటికీ మధ్యది తీసుకోవాలి. ఆ రెండిటి మధ్య తేడా మరీ ఎక్కువ ఉంటే స్ప్రింగ్ సంగతి తర్వాత, ముందు ఫోర్క్ సమానంగా బిగించారా, యాక్సిల్ వంకరగా కూర్చుందా చూసుకోండి. రోడ్డు బండికి రైడర్‌తో శాగ్ మొత్తం ట్రావెల్‌లో మూడో వంతు దగ్గర ఉండాలి, మీ బండికి 33 నుంచి 37 వరకు బాగుంటుంది.

గుంటూరు_ట్విన్:
థాంక్స్ అన్నా. తమ్ముడు, పక్కింటి బాబాయి సాయం పట్టారు. బండి ఒక్కటే అయితే 24 ఎంఎం, నేను గేర్‌తో కూర్చుంటే 46. ఇంకోటి కూడా చేశా, ముందు చక్రం కింద బరువు తూచే మెషీన్ పెట్టి వెనక చక్రం కింద అదే ఎత్తు చెక్క పెట్టి చూశా, నేను కూర్చోక ముందుకీ కూర్చున్నాకకీ తేడా 42 కేజీలు. ఇది దేనికైనా పనికొస్తుందా?

సస్పెన్షన్_పిచ్చి:
పనికొస్తుందా ఏంటి తమ్ముడూ, అసలు కావల్సిందే అది. చాలామంది ఇది చెయ్యకుండా వెబ్‌సైట్‌లో బరువు టేబుల్ చూసి కొనేస్తారు. ఇప్పుడు లెక్క చూడు.

నీ వల్ల ముందు చక్రం మీద పడిన 42 కేజీలు అంటే 412 న్యూటన్లు. ఫోర్క్ నిటారుగా ఉండదు, ఈ బండికి 24 డిగ్రీలు వాలి ఉంటుంది, కాబట్టి ఫోర్క్ పొడవునా పడేది దాదాపు 375. ఆ బరువుకి ఫోర్క్ దిగింది 46 లోంచి 24 తీస్తే 22 ఎంఎం. 375 ని 22 తో భాగిస్తే 17, అంటే ఫోర్క్ రెండు కాళ్ళూ కలిపి ఎంఎంకి 17 న్యూటన్లు, ఒక్కో స్ప్రింగ్ ఎనిమిదిన్నర. లోపల గాలి కూడా కొంచెం స్ప్రింగ్ లాగే పనిచేస్తుంది కాబట్టి ఇది అంచనానే, కానీ కొనడానికి సరిపోయే అంచనా.

ఇప్పుడు వాషర్ల సంగతి. దీన్ని జాగ్రత్తగా చదువు, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే. వాషర్ వేసినా పైపు ముక్క పొడవు పెంచినా పెరిగేది ప్రీలోడ్, అంటే బరువు పడకముందే స్ప్రింగ్ నొక్కుకుని ఉన్న కొలత, స్ప్రింగ్ గట్టిదనం ఒక్క పిసరు కూడా పెరగదు. లోపల ఇప్పుడు ప్రీలోడ్ 15 ఎంఎం ఉందనుకుందాం, విప్పాక అసలుది కొలుచుకుని ఇదే లెక్క మళ్ళీ వేసుకో. నువ్వు కూర్చున్నప్పుడు స్ప్రింగ్ మొత్తం నొక్కుకున్నది 15 ప్లస్ 46, అంటే 61 ఎంఎం, బలం 1037 న్యూటన్లు. ఇంకో 10 ఎంఎం వాషర్లు వేశావనుకో, శాగ్ 36 కి వచ్చేస్తుంది, టేపు పెట్టి చూస్తే అంతా బాగైపోయినట్టే కనిపిస్తుంది. వాషర్లు వెయ్యకుండా ఒక్కోటి 10 న్యూటన్ల స్ప్రింగ్ వేస్తే, అంటే రెండూ కలిపి 20, అదే 15 ప్రీలోడ్‌తో శాగ్ 37 వస్తుంది. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది, కాదు. ఫోర్క్ పూర్తిగా 110 దిగిపోయే చోట చూడు. ఇప్పుడున్న స్ప్రింగ్ అక్కడ ఇచ్చే బలం 2125, వాషర్లు వేస్తే 2295, గట్టి స్ప్రింగ్ వేస్తే 2500. నీకు టక్కుమని సౌండ్ వచ్చేది ఆ చివర్లోనే, అక్కడ వాషర్లు ఇచ్చేది 170, స్ప్రింగ్ ఇచ్చేది 375. పైగా వాషర్లతో బండి ఒక్కటే నిలబడ్డప్పుడు శాగ్ 14 కి పడిపోతుంది, అప్పుడు గుంత ఎదురైతే చక్రం కిందికి దిగడానికి చోటు తక్కువ, రోడ్డు వదిలేస్తుంది. గట్టి స్ప్రింగ్‌తో 18 ఉంటుంది.

కాబట్టి నీకు 10 దగ్గర లీనియర్ స్ప్రింగ్, అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం ఉండేది. కొన్ని బ్రాండ్లు కేజీల్లో రాస్తాయి, 1 కేజీ పర్ ఎంఎం అంటే 9.8 న్యూటన్లు, రెండూ కలిపేసుకోకు. ప్రోగ్రెసివ్ (నొక్కేకొద్దీ గట్టిపడే) కిట్లు కూడా దొరుకుతాయి, మంచివే, కానీ వాటిల్లో మొదట్లో మెత్తగా ఉండే భాగాన్ని నీ బరువే తినేస్తుంది, నా ఓటు లీనియర్‌కే.

లేత్_మామ:
తమ్ముడు లెక్క బాగా చెప్పాడు. నేను లేత్ షాపు నడుపుతా కాబట్టి కోసే సంగతి చెప్తా. స్ప్రింగ్ కోస్తే గట్టిపడుతుంది అన్నది నిజమే, పనిచేసే చుట్లు ఎంత తగ్గితే రేట్ అంత పెరుగుతుంది. 40 చుట్లు ఉంటే 6 తీసేస్తే ఎనిమిదిన్నర కాస్తా 10 అవుతుంది. ఖర్చు లేదు, అందుకే ఆటోనగర్‌లో అందరూ చేస్తారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళకి మాత్రం నేను వద్దనే చెప్తున్నా. ఫ్యాక్టరీ స్ప్రింగ్ చివరి చుట్టు దగ్గరగా మూసి సమంగా రుద్ది ఉంటుంది, కోసిన చివర అలా ఉండదు, ఒక మూల మీదే నిలబడుతుంది, నొక్కినప్పుడల్లా పక్కకి వంగి ఫోర్క్ పైపు లోపలి గోడని గీకుతుంది. ఆ చివర మూయడానికి కొందరు గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచుతారు, కాల్చిన చోట స్ప్రింగ్ పదును, అంటే తిరిగి లేచే గుణం, పోతుంది. ఇంకోటి, చుట్లు తగ్గాయంటే వాటి మధ్య సందులు కూడా తగ్గాయి. సందులన్నీ కలిపిన కొలత 110 ప్లస్ ప్రీలోడ్ కంటే ఎక్కువ ఉండాలి, తక్కువైతే ఫోర్క్ అడుగుకి చేరకముందే చుట్టుకి చుట్టు తగిలి ఇనుప కడ్డీలా బిగుసుకుపోతుంది. బ్రేక్ మీద ఉన్నప్పుడు అలా జరిగితే ముందు టైరు జారుతుంది. చేతిలో డబ్బు లేకపోతే కొన్ని నెలలు ఆగి కొత్తవి కొనుక్కో నాయనా, కోసినవి తిరిగి అతకవు.

స్పేసర్‌కి, అంటే స్ప్రింగ్ పైన పెట్టే పైపు ముక్కకి, మాత్రం నా దగ్గరికి రానక్కర్లేదు, ప్లంబింగ్ షాపులో దొరికే 1 ఇంచ్ షెడ్యూల్ 80 యూపీవీసీ పైపు సరిపోతుంది, బయటి కొలత 33.4 ఎంఎం, 41 ఎంఎం ఫోర్క్ పైపులోకి మామూలుగా వెళ్తుంది, నీదాంట్లో పెట్టి చూసుకో. పల్చటి పైపు తీసుకోవద్దు. రెండు చివరలూ మూలమట్టం పెట్టి కచ్చితంగా నిటారుగా కోసి, రుద్ది, పొట్టు మొత్తం కడిగెయ్యాలి. స్ప్రింగుకీ పైపుకీ మధ్య స్టీల్ వాషర్ తప్పనిసరి, లేకపోతే స్ప్రింగ్ చివర పైపుని కొరికేస్తుంది.

ఘాట్‌రోడ్_రవాణా:
విప్పే విషయంలో నేను చెప్తా, ఇక్కడ తొందరపడితే దెబ్బలు తగులుతాయి. సెంటర్ స్టాండ్ వేసి, ముందు ఫ్రేమ్ ట్యూబుల కింద చెక్క పెట్టి జాకీతో చక్రం నేల మీద నుంచి లేపాలి, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) మీద జాకీ పెట్టొద్దు. చక్రం నేల మీద ఉండగా ఫోర్క్ క్యాప్ విప్పితే స్ప్రింగ్ ఆధారం పోయి బండి ముందుకి కూలబడుతుంది, క్యాప్ ఎగిరి మొహానికి తగులుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. ట్యాంక్ మీద మందపాటి దుప్పటి కప్పండి.

క్యాప్ విప్పే ముందు పై క్లాంప్ పించ్ బోల్టు (ఫోర్క్ పైపుని బిగించి పట్టుకునేది) వదులు చెయ్యాలి, అది బిగించి ఉంటే క్యాప్ మరని పట్టేసి ఉంటుంది, బలవంతం చేస్తే మర పోతుంది. కింది క్లాంప్ బోల్టులు ముట్టుకోవద్దు, ఫోర్క్ కాలు కిందికి జారుతుంది. హ్యాండిల్ అడ్డొస్తే దాని క్లాంప్ విప్పి పక్కకి వాల్చండి, బ్రేక్ ఆయిల్ డబ్బా నిటారుగా ఉండేట్టు కట్టండి. ఒకసారికి ఒక కాలే విప్పండి. చివరి రెండు మూడు మరల దగ్గర రెంచ్ తీసేసి అరచేత్తో గట్టిగా కిందికి నొక్కి పట్టుకుని తిప్పండి, లోపల ఉన్న ప్రీలోడ్ మొత్తం అప్పుడే బయటికి తన్నుతుంది. స్ప్రింగ్ తీసేటప్పుడు వంచిన తీగతో మెల్లగా పైకి లాగితే ఆయిల్ కారి కిందికి దిగుతుంది, ఒకేసారి లాగితే ట్యాంక్ మొత్తం ఆయిలే. ఏ చివర పైకి ఉందో ఫోటో తీసుకోండి. చుట్లు ఒక చివర దగ్గర దగ్గరగా ఉంటే అది ప్రోగ్రెసివ్, అప్పుడు మీకు వచ్చిన 17 అన్నది మొదటి సగం లెక్కే.

సస్పెన్షన్_పిచ్చి:
ఆయిల్ గురించి ఒక మాట. చాలామంది గట్టి స్ప్రింగ్ వేసి వెంటనే ఉన్న ఆయిల్ తీసేసి ఇంకా చిక్కటి 15 డబ్ల్యూ పోస్తారు. స్ప్రింగ్ 17 నుంచి 20 కి వెళ్తే 18 శాతం పెరిగినట్టు, దానికి తగ్గ డాంపింగ్ (ఊగుడుని ఆపే అడ్డుబలం) పెరగాల్సింది 8, 9 శాతమే, ఎందుకంటే అది స్ప్రింగ్ రేట్ వర్గమూలంతో నడుస్తుంది. ఇది డాంపర్ రాడ్ ఫోర్క్, రంధ్రాల్లోంచి ఆయిల్ దూరడమే దీని డాంపింగ్, చక్రం ఎంత వేగంగా పైకొస్తే అడ్డుకునే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే పదునైన గుంత అంచు తగిలినప్పుడు సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ముందు పాత గ్రేడ్ ఆయిలే కొత్తది పొయ్యి. గతుకు దాటాక ముందుభాగం రెండుసార్లు ఊగుతుంటే అప్పుడు అదే బ్రాండ్ 15 ని పావు వంతు కలుపు. బ్రాండ్ మారిస్తే డబ్ల్యూ నంబర్ నమ్మకు, కంపెనీ డేటాషీట్‌లో 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఇస్తారు, అది చూసి కలుపు. తర్వాతెప్పుడైనా డబ్బులుంటే రాడ్ మీద కూర్చునే రేస్‌టెక్ గోల్డ్ వాల్వ్ ఎమ్యులేటర్ లాంటి డాంపింగ్ వాల్వులు ఉన్నాయి, ఇప్పుడే అవసరం లేదు.

ఆయిల్ మట్టం కొలిచేది స్ప్రింగ్ బయట ఉండగా, ఫోర్క్ పూర్తిగా నొక్కి ఉండగా. మెడికల్ షాపులో 50 ఎంఎల్ సిరంజి కొని దానికి సన్నటి ట్యూబ్ తగిలించి, మాన్యువల్‌లో చెప్పిన లోతు దగ్గర ట్యూబ్ మీద గుర్తు పెట్టుకో. కొంచెం ఎక్కువే పోసి, రాడ్ లోపలి గాలి పోయేదాకా ఫోర్క్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, కాసేపు ఆగి, గుర్తు దాకా ట్యూబ్ దించి పైన ఎక్కువున్నది లాగెయ్యి. రెండు కాళ్ళలో మట్టం ఒకటే ఉండాలి. మట్టం పెంచితే గాలి చోటు తగ్గి చివర్లో ఫోర్క్ ఇంకా గట్టిపడుతుంది, బాటమ్ అవడం (ఫోర్క్ అడుగుకి తగలడం) కొంచెం మిగిలితే 5 ఎంఎం పెంచి చూడొచ్చు, మరీ పెంచితే ఆయిల్ సీల్స్ తన్నుకుని బయటికొస్తాయి.

గుంటూరు_ట్విన్:
చాలా క్లియర్‌గా అర్థమైంది, 10 న్యూటన్ల లీనియర్ ఆర్డర్ పెడుతున్నా, ఆటోనగర్ ఆయనకి కోయొద్దని చెప్పేశా. ఒక డౌట్, వెనక ఏమీ ముట్టుకోకుండా ముందు ఒక్కటే మార్చొచ్చా? నెలకి ఒకటి రెండుసార్లు మా ఆవిడ కూడా కూర్చుంటుంది.

ఘాట్‌రోడ్_రవాణా:
ముందు మాత్రమే మారిస్తే ముందు దాదాపు 9 ఎంఎం పైకి లేస్తుంది, వెనక అలాగే కూలబడి ఉంటే హ్యాండిల్ తిప్పడం మొద్దుగా అనిపిస్తుంది, మలుపులో బండి వెడల్పుగా పోతుంది. వెనక రెండు షాకులకీ 5 మెట్ల ప్రీలోడ్ ఉంది కదా, ట్రావెల్ 88 ఎంఎం, మీరొక్కరే కూర్చున్నప్పుడు శాగ్ 26 నుంచి 30 మధ్యకి వచ్చేదాకా రెండు వైపులా ఒకే మెట్టుకి తిప్పండి. ఆవిడ కూర్చున్న రోజు ఇంకో మెట్టు పెంచండి, వెనక కూర్చున్నవాళ్ళ బరువు దాదాపు వెనక చక్రం మీదే పడుతుంది, ముందు స్ప్రింగ్ ఆ లెక్కతో కొనక్కర్లేదు. అన్నీ బిగించాక పై క్లాంప్ పించ్ బోల్టుకి మాన్యువల్ టార్క్ పెట్టండి, వదిలేసి మర్చిపోయేది ఎప్పుడూ అదే. హెడ్‌లైట్ కూడా గోడ మీద చూసుకుని కొంచెం దించండి, ముందు లేచింది కాబట్టి ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొడుతుంది.