ఫ్లికర్ ప్రో రెన్యువల్: కట్టాలా, వదిలేయాలా?

పాతకెమెరా:
వచ్చే వారం నా ఫ్లికర్ ప్రో (ఆ ఫొటోల సైట్‌లో డబ్బు కట్టే సభ్యత్వం) రెన్యువల్. నేను చేరినప్పుడు ప్రో ఏడాదికి 24.95 డాలర్లు. ఇప్పుడు రెట్టింపు ఎప్పుడో దాటేసింది. 14 వేల ఫొటోలున్నాయి. ఇంకా కడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మానేసినవాళ్లు ఆల్బమ్‌లు, కింద రాసుకున్న కబుర్లు పోకుండా ఎలా దించుకున్నారు?

ముహూర్తం_స్టూడియో:
2013లో యాహూ అందరికీ 1 టీబీ ఉచితం అన్నప్పుడే అనుకున్నా, ఇది నిలిచేది కాదని. అప్పుడు ప్రో కూడా ఎత్తేశారు, తర్వాత మళ్లీ తెచ్చారు. పైగా యాహూ సీఈఓ మరిస్సా మేయర్, ఈ రోజుల్లో ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్లే లేరన్నట్టు మాట్లాడి తర్వాత సారీ చెప్పింది. పెళ్లిళ్లు తీసి పొట్టపోసుకునే మాకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

డాలస్_బావ:
యాహూ 2005లో కొన్నప్పుడే కథ అయిపోయింది. 2007లో పాత సభ్యులందరూ యాహూ ఐడీతోనే లాగిన్ కావాలన్నారు, ఎంత గొడవైందో! అసలు ఫ్లికర్ పుట్టిందే కెనడా వాంకోవర్‌లో ఒక ఆన్‌లైన్ ఆట తయారు చేయబోయి. ఆట నిలవలేదు, 2004లో ఫొటోల సైట్ వచ్చింది. ఫ్లికర్ పెట్టినవాళ్లలో ఒకడైన బటర్‌ఫీల్డే తర్వాత ఇంకో ఆట మొదలుపెట్టాడు, అదీ పోయింది, దాన్నుంచి ఆఫీసుల చాట్ యాప్ స్లాక్ వచ్చింది. ఆటలో ఓడి డబ్బు సంపాదించడం ఆయనకే చెల్లింది.

గోదారిగట్టు:
కథలు సరే బావగారూ. 2018లో స్మగ్‌మగ్ అనే ఫొటోల కంపెనీ ఫ్లికర్‌ను కొన్నాక ఉచిత ఖాతాకు 1000 ఫొటోలే అన్నారు, మిగతావి తీసేస్తామన్నారు. ఒక రకంగా న్యాయమే, సర్వర్లు ఊరికే నడవవు. నేను వేరే సైట్‌లో దెబ్బ తిన్నాను, పేరు చెప్పను. మూసేస్తున్నాం అన్న మెయిల్ నేను వాడని పాత ఐడీకి వెళ్లింది. మా బాబు మొదటి ఏడాది ఫొటోలన్నీ పోయాయి. అప్పట్నుంచి ఉచితం అంటే భయం.

వికీ_చాదస్తం:
ఒక సవరణ. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఇతరులు వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) ఉన్న ఫొటోలను ఆ 1000 లెక్కలో తీసేయబోమన్నారు. నేను 15 ఏళ్లుగా వికీమీడియా కామన్స్‌లో, అంటే వికీపీడియా ఫొటోలు ఉండే చోట, పనిచేస్తున్నాను, ఈ విషయం నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు. మన గుళ్ల ఫొటోలు ఎన్నో ఫ్లికర్ నుంచే తెచ్చాం. బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) వచ్చి లైసెన్సు సరిచూసి ముద్ర వేస్తుంది. కానీ మనవాళ్లు సగం మంది నాన్ కమర్షియల్ (ఎన్‌సీ), అంటే వ్యాపారానికి వాడకూడదని పెడతారు, అది కామన్స్‌లో చెల్లదు. గోదారిగట్టు గారూ, మీ పాపికొండల ఫొటోలూ అంతే. అన్నీ ఎన్‌సీ.

గోదారిగట్టు:
అవును, పెట్టాను. ఎందుకో తెలుసా? నా ఫొటో లాంచీ టూర్ల ఫ్లెక్సీ మీద కనిపించింది. పేరూ లేదు, పైసా లేదు.

వికీ_చాదస్తం:
ఫ్లెక్సీవాడు లైసెన్సు చదివి ఆగుతాడా? ఎన్‌సీ చూసి ఆగేది మేమే. తెలుగు వికీలో పాపికొండల వ్యాసానికి మంచి ఫొటో లేకపోవడానికి మీరూ కారణం.

గోదారిగట్టు:
తెల్లవారుజామున 4 గంటలకు లేచి, పొగమంచులో వణుకుతూ తీసింది నేను. కారణమూ నేనేనా? ఒకసారి సీసీ బై, అంటే పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చేస్తే వెనక్కి తీసుకోలేం, అది మీరే చెప్పారు ఒకసారి. ఆలోచించుకోనివ్వండి మరి.

ఓరుగల్లు77:
మీ ఇద్దరి లొల్లి వేరే చోట పెట్టుకోండన్నా. గూగుల్ ఫొటోస్ సంగతి ఎవరూ మాట్లాడరేం? 2015లో అన్‌లిమిటెడ్ అన్నారు, 2021 జూన్ 1 నుంచి 15 జీబీలోనే సర్దుకోమన్నారు. నేను రెండు హార్డ్ డిస్కులు కొన్నా. ఒకటి మా ఇంట్లో, ఒకటి అక్క వాళ్లింట్లో. నెలనెలా కట్టే టెన్షన్ లేదు.

ముహూర్తం_స్టూడియో:
డిస్క్ కింద పడితే తెలుస్తుంది తమ్ముడూ. నాకు ఒక రిసెప్షన్ మొత్తం అలాగే పోయింది, పెళ్లికూతురి తండ్రికి ఇప్పటికీ ఎదురుపడను.

డాలస్_బావ:
నేనైతే కడుతున్నా. ఫొటోల కోసం కాదు, గ్రూపుల కోసం. పాత ఫిల్మ్ కెమెరాల గురించి అడిగితే ఇప్పటికీ గంటలో జవాబు వస్తుంది.

పాతకెమెరా:
నేను దించుకోవడం గురించి అడిగానండీ.

ఓరుగల్లు77:
సెట్టింగ్స్‌లో మీ డేటా ఇవ్వమని అడిగితే జిప్ ఫైళ్లు తయారు చేసి ఇస్తారు. ఫొటోలు ఆల్బమ్ వారీగా ఫోల్డర్లలో రావు, అన్నీ కలగాపులగం. ఆల్బమ్ పేర్లు, మీ కబుర్లు వేరే జేసన్ (డేటా రాసి ఉండే టెక్స్ట్) ఫైళ్లలో ఉంటాయి, జత మీరే కలుపుకోవాలి. 14 వేలంటే... రెన్యువల్ లోపల కావడం కష్టం. ఈ ఏడాదికి కట్టేయండి.

వికీ_చాదస్తం:
దించుకునే ముందు లైసెన్సు మార్చండి. సీసీ బై.

గోదారిగట్టు:
మళ్లీ మొదలు.