అమెరికా పునర్నిర్మాణం 1877లోనే ముగిసిందా?

ప్రశ్న (ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని, హనుమకొండ)

అందరికీ నమస్కారం. అమెరికా అంతర్యుద్ధం తరువాత దక్షిణాది రాష్ట్రాలను మళ్లీ దేశంలో కలుపుకుని, విముక్తులైన బానిసలకు హక్కులు కల్పించే ప్రయత్నాన్నే పునర్నిర్మాణం అంటారు. యుద్ధం ముగిసిన ఐదేళ్లలోనే బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ, పౌరసత్వాన్నీ సమాన రక్షణనూ ఇచ్చిన 14వ సవరణ, జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్న 15వ సవరణ వచ్చాయి. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతీయుడు సెనేట్‌లో అడుగుపెట్టారు. ఇంత జరిగాక ఒక తరం గడిచేసరికే ఆ హక్కులు కాగితానికి ఎలా పరిమితమయ్యాయి? మా పుస్తకం '1877 రాజీ' అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. నాకు తృప్తిగా లేదు. సెమినార్ పత్రం రాయాలి, దయచేసి వివరించండి.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్)

అమ్మా, నీ సందేహం సరైనదే. 1876 అధ్యక్ష ఎన్నికలో వివాదం పడిన 20 ఎలక్టోరల్ (రాష్ట్రాల ప్రతినిధుల) ఓట్లనూ ప్రత్యేక కమిషన్ 8–7 తేడాతో రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌కు కట్టబెట్టడం, 185–184తో గెలిచిన ఆయన 1877 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినా, లూసియానా ప్రభుత్వాలకు అండగా నిలిచిన సైన్యాన్ని వెనక్కి పిలవడం నిజమే; '1877 రాజీ' అనేది దీన్నే. అయితే నల్లజాతీయుల హక్కులకు అండగా ఉన్న రిపబ్లికన్ పార్టీకి అప్పటికే తక్కిన దక్షిణాది రాష్ట్రాలు చేజారిపోయాయి.

అసలు దెబ్బ 1873లో తగిలిందని నేను నమ్ముతాను. ఆ ఏడాది ఈస్టర్ నాడు లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో న్యాయస్థాన భవనాన్ని కాపాడుతున్న నల్లజాతీయులను శ్వేతజాతి సాయుధులు ముట్టడించి, లొంగిపోయినవారిని సైతం చంపారు. శిక్ష పడిన కొద్దిమంది కూడా 1876లో క్రూక్‌షాంక్ కేసులో బయటపడ్డారు. 14వ సవరణ రాష్ట్రాల చర్యలనే కట్టడి చేస్తుంది గానీ వ్యక్తుల దాడులను కాదని సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్ర యంత్రాంగమే హంతకుల పక్షాన ఉన్నచోట బాధితుడు ఎవరి గడప తొక్కాలి? 1873లోనే జే కుక్ బ్యాంకు కూలి, మాంద్యం కమ్ముకుని, ఉత్తరాది ఓటర్ల దృష్టి కూలి మీదికీ ధరల మీదికీ మళ్లింది.

చేతగాక వదిలేశారని మాత్రం రాయకు. 1871లో అధ్యక్షుడు గ్రాంట్ ప్రభుత్వం దక్షిణ కరోలినాకు సైన్యాన్ని పంపి, వందల మందిని అరెస్టు చేయించి, నల్లజాతీయులపై దాడులు చేసే రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్ నడుము విరిచింది. అదే గ్రాంట్ 1875లో మిసిసిపీ గవర్నర్ సాయం కోరినా సైన్యాన్ని పంపలేదు.

జవాబు (పత్తి రైతు, పరకాల)

సార్ చెప్పినదంతా నిజం. నేను భూమి సంగతి కలుపుతాను. 1865 జనవరిలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ దక్షిణాది తీరప్రాంతపు భూములను బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతీయులకు కుటుంబానికి 40 ఎకరాల వరకు కేటాయించమని ఆదేశించారు. అదే ఏడాది అధ్యక్షుడు జాన్సన్ వాటిని పాత యజమానులకు తిరిగి ఇప్పించారు. దాంతో విముక్తులైనవారు అదే దొర చేలో పాలుకు పత్తి పండించాల్సి వచ్చింది. విత్తనం, తిండిగింజలు దుకాణంలో అరువు. పంట చేతికొచ్చాక లెక్క చూస్తే మళ్లీ బాకీ. పెట్టుబడి పెట్టిన వ్యాపారికే పంట తోలాల్సిన రైతుకు ఈ లెక్క వివరించి చెప్పనక్కరలేదు. రహస్య ఓటు లేని ఆ రోజుల్లో, తిండిగింజలిచ్చే మనిషి చూస్తుండగా ఎదుటి పార్టీ చీటీ వేయడం ఎంత కష్టమో ఆలోచించండి. మన సాయుధ పోరాటంలో పంచిన భూములు 1948 తరువాత అనేక ఊళ్లలో మళ్లీ దొరల పాలయ్యాయని జనగామ పెద్దలు చెప్పగా విన్నాను. అందుకే ఆ 40 ఎకరాల కథ నన్ను బాధపెడుతుంది.

విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క ప్రశ్న. 15వ సవరణ అమలులో ఉండగానే ఓటు ఎలా తీసేశారు?

విశ్రాంత అధ్యాపకుడు

జాతి అనే మాట ఎక్కడా రాయకుండా తీసేశారమ్మా. 1890 మిసిసిపీ రాజ్యాంగం ఓటుకు పన్ను, అక్షరాస్యత పరీక్ష పెట్టింది. పరీక్షించే అధికారి ఇష్టమే కొలమానం. మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉండగా, 1904 నాటికి 1,342 మంది మిగిలారు. నీ పత్రంలో 1877ను ముగింపుగా కాక నడిమి మెట్టుగా చూపించు, 1873 నుంచి మొదలుపెట్టి ఈ అంకె దాకా తీసుకురా.